నాలుగు గంటల దగ్గర గీత: ముందు సున్నా తెచ్చిన తంటా

“మూడున్నరకొచ్చేటోళ్ళకి పడుతున్నయ్ సార్. నాలుగున్నరకొచ్చే మాకే పడ్తలేవు.”

హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి బాయిలర్ అటెండెంట్ ఒకాయన నాతో అన్న మాట ఇది. అప్పటికి మూడు వారాలుగా ఈ ఫిర్యాదు మా సపోర్ట్ టీమ్‌లో చేతులు మారుతోంది. మాకొచ్చిన మెయిల్‌లో మాత్రం “ఎర్లీ డ్యూటీ అలవెన్స్ కొందరికి రావడం లేదు, దయచేసి చూడగలరు” అని ఉంది. ‘కొందరికి’ అన్న మాట పట్టుకుని ఎవరైనా ఏం వెతుకుతారు? ఆయన చెప్పాక గానీ నాకు దారి కనపడలేదు. గడియారంలో మూడున్నరకీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. అది ఎవరు గీశారో కనుక్కోవాలి.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. హాజరు, జీతాల లెక్కలు చూసే ప్యాకేజీ అది. జావా 8 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. గేటు దగ్గరి పంచింగ్ మెషీన్లు రోజూ ఒక టెక్స్ట్ ఫైల్ ఇస్తాయి. ఒక్కో వరుసలో ఉద్యోగి నంబరు, తేదీ, టైమ్. టైమ్ ఎప్పుడూ నాలుగంకెల్లోనే ఉంటుంది: తెల్లవారుజామున నాలుగున్నర అయితే 0430, రాత్రి పది అయితే 2200. ఆ మాడ్యూల్ నేను రాసింది కాదు. ఆ ముక్క చెప్పుకోకుండా ఏ ప్రోగ్రామరూ కేసు మొదలుపెట్టడు, నేనూ అంతే.

నియమం చాలా చిన్నది. ఎర్లీ డ్యూటీ జాబితాలో పేరున్నవాళ్ళు రాత్రి పదికీ ఉదయం ఆరుకీ మధ్య ఇన్-పంచ్ చేస్తే ఆ రోజుకి అలవెన్స్ పడాలి. మామూలు నైట్ షిఫ్ట్ వాళ్ళకి షిఫ్ట్ కోడ్‌ని బట్టే పడిపోతుంది కాబట్టి వాళ్ళకి ఈ నియమంతో పని లేదు. జాబితాలో ఉన్నది క్యాంటీన్ వంటవాళ్ళు, బాయిలర్ సెక్షన్ వాళ్ళు. టిఫిన్ తయారు కావాలి కాబట్టి వంటవాళ్ళు మూడున్నరకే వస్తారు. ఆరింటికి ‘ఎ’ షిఫ్ట్ మొదలయ్యేసరికి స్టీమ్ అందాలి కాబట్టి బాయిలర్ వాళ్ళు నాలుగున్నరకి వస్తారు. ఇంతకుముందు ఈ అలవెన్స్‌ని టైమ్ ఆఫీసు గుమాస్తా రిజిస్టర్ చూసి చేత్తో వేసేవాడు. ఏడు నెలల కిందట దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. గొడవ మొదలైందీ అప్పుడే.

మొదట అనుమానించింది మాస్టర్ డేటాని. బాయిలర్ వాళ్ళ పేర్లు జాబితాలో ఉన్నాయా? ఉన్నాయి. పంచ్‌లు ఫైల్లో ఉన్నాయా? ఉన్నాయి. తర్వాత టైమ్ జోన్. ఇలాంటి కేసుల్లో సగం వాటికి ముద్దాయి అదే కాబట్టి సహజంగానే అటు చూశాను. కానీ టైమ్ జోన్ తేడా అయితే మన దగ్గర ఐదున్నర గంటల జరుగుడు కనపడాలి. ఇక్కడ ఆరింటి దగ్గర ఉండాల్సిన గీత నాలుగు దాపులకి జరిగింది. ఆ లెక్క కుదరలేదు.

టెస్ట్ సర్వర్‌లో దొంగ పంచ్‌లు వేసి చూశాను. 0330కి అలవెన్స్ పడింది. 0430కి పడలేదు. మధ్యలోంచి నరుక్కుంటూ వెళ్తే 0359కి పడింది, 0400కి పడలేదు. సరిగ్గా నాలుగు. ఇక కోడ్ అంతా నాలుగు కోసం వెతికాను. 4, 400, 0400, 240 నిమిషాలు, ఏదీ లేదు. డేటాబేస్‌లో దాచి ఉంచిన చిన్న ప్రోగ్రాములు (స్టోర్డ్ ప్రొసీజర్లు) కూడా వెతికాను. ఎక్కడా నాలుగు గంటలు అన్న ఊసే లేదు. లేని నియమాన్ని సాఫ్ట్‌వేర్ ఇంత కచ్చితంగా పాటిస్తుంటే కొంచెం భయం కూడా వేసింది.

నియమం రాసిన వరుస ఒక్కటే. తెలుగులో చెప్పాలంటే: పంచ్ టైమ్ 2200 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, లేదా 0600 కన్నా తక్కువైతే, అలవెన్స్ ఇవ్వు. ఆ వరుసని నేను కనీసం పదిసార్లు చదివి ఉంటాను. ప్రతిసారీ సరిగ్గానే ఉందనిపించింది. నాతో పాటు చూసిన ఇద్దరికీ అలాగే అనిపించింది.

చివరికి ఆ వరుస మీద ప్రోగ్రామ్‌ని ఆపి, డీబగ్గర్‌లో విలువలు చూశాను. పంచ్ టైమ్ 430. నైట్ ముగింపు 384.

384. ఆ సంఖ్య నాకు తెలుసు. జావాలోకి రాకముందు రెండేళ్ళు యూనిక్స్ సర్వర్లు చూసుకున్నాను. ఫైలుని ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని చెప్పే పర్మిషన్లు 0644 అని రాస్తే కొన్ని ప్రోగ్రాములు దాన్ని 420 అని చూపించేవి. 0755 అంటే 493. సొంతదారు తప్ప ఇంకెవరూ చదవకూడని తాళంచెవి ఫైళ్ళకి పెట్టే 0600 అంటే 384. ఫ్యాక్టరీ గడియారంలో ఆరు గంటలు అనుకుని రాసినదాన్ని జావా కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఆక్టల్ సంఖ్యగా చదివింది.

ఆక్టల్ అంటే ఎనిమిది చొప్పున పెరిగే స్థానాలు. మనం రాసే 600లో ఆరు వందల స్థానంలో ఉంటుంది. ఆక్టల్‌లో అదే ఆరు అరవైనాలుగుల స్థానంలో ఉంటుంది. ఆరు అరవైనాలుగులు 384. జావాలో పూర్ణసంఖ్య ముందు సున్నా పెడితే అది అలంకారం కాదు, “ఇక్కణ్ణుంచి ఎనిమిది లెక్కలో చదువు” అని కంపైలర్‌కి ఇచ్చిన ఆర్డర్. ఇక నాలుగు గంటల మర్మం కూడా విడిపోయింది. గడియారంలో 0359 తర్వాత 0400 వస్తుంది. 360 నుంచి 399 దాకా ఉన్న సంఖ్యలకి టైమ్‌గా అర్థమే లేదు. 384 ఆ ఖాళీలో పడింది. అందుకే బయటినుంచి చూసేవాళ్ళకి గీత సరిగ్గా నాలుగు మీద గీసినట్టు కనపడింది. నేను కోడ్‌లో నాలుగు కోసం వెతికి లాభం లేకపోవడం అందుకే.

కాన్‌స్టంట్ల పట్టిక

కాన్‌స్టంట్లన్నీ (కోడ్‌లో పేరు పెట్టి రాసుకునే స్థిరమైన విలువలు) ఒకే ఫైల్లో, చక్కగా నిలువు వరుసలో ఉన్నాయి. పేర్లు తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

నైట్ మొదలు = 2200
నైట్ ముగింపు = 0600
టిఫిన్ కూపన్ ఆఖరు = 830
గేట్ పాస్ మొదలు = 900
లంచ్ కూపన్ మొదలు = 1200
గ్రేస్ నిమిషాలు = 0015
డూప్లికేట్ పంచ్ నిమిషాలు = 0005

అన్నీ నాలుగంకెలుండగా 830, 900 మాత్రమే ఎందుకు మూడంకెలయ్యాయి? కోడ్ చరిత్ర తీసి చూస్తే మొదట వాటినీ 0830, 0900 అనే రాసినట్టు తేలింది. అదే రోజు, పావుగంట తర్వాత, సున్నాలు తీసేశారు. పక్కన రాసిన కామెంట్: “కంపైల్ ఎర్రర్ ఫిక్స్”.

ఆక్టల్‌లో ఎనిమిది, తొమ్మిది అనే అంకెలుండవు. సున్నా నుంచి ఏడు వరకే. కాబట్టి 0830, 0900 దగ్గర కంపైలర్ ఆగిపోయింది. ఆగడం వరకూ బాగానే ఉంది. కానీ జావా 8 కంపైలర్ ఆ సందర్భంలో ఏమంటుందో తెలుసా? “ఇంటీజర్ నంబర్ టూ లార్జ్: 0900” అంటుంది. సంఖ్య మరీ పెద్దదట. రెండు వందల కోట్లు దాటిన సంఖ్యని కూడా పట్టగలిగే ఇంటీజర్‌లో తొమ్మిది వందలు పట్టలేదట. ఆక్టల్ అన్న ఒక్క ముక్క ఆ మెసేజ్‌లో ఉండుంటే ఈ కేసు ఏడు నెలల ముందే, పావుగంటలోనే ముగిసేది. ఆ మెసేజ్ చూసిన మనిషి సున్నా తీసి చూశాడు, ఎర్రర్ పోయింది, పని ముందుకు నడిచింది. ఎర్రర్ రాని 0600 జోలికి ఎవరు వెళ్తారు?

ఆ మనిషిని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. ఆయన మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ల నుంచి వచ్చినవాడు. 2000 సంవత్సరం దగ్గర పడుతుండగా పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే వైటూకే పనుల కోసం హైదరాబాద్‌లో కోబాల్ భాష నేర్చుకున్న తరం. కోబాల్‌లో నాలుగంకెల గడి అని ప్రకటిస్తే విలువ ఎప్పుడూ నాలుగంకెలుగానే ఉంటుంది, ముందు సున్నా వట్టి ఖాళీ పూరణ. 0600 అన్నా 600 అన్నా ఒకటే. పైగా క్లయింట్ ఇచ్చిన నియమాల కాగితంలోనూ 0600 అనే ఉంది, మెషీన్ ఫైల్లోనూ 0600 అనే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాశాడు.

గమ్మత్తేమిటంటే టైమ్ ఆఫీసు వాళ్ళకి ముందు సున్నాతో ఇంకో రకం గొడవ ఉంది. ఎక్సెల్‌లో 0600 కొడితే సున్నా మాయమై 600 మిగులుతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ముందు ఒక కోట్ గుర్తు పెట్టి టెక్స్ట్‌గా మారుస్తారు. ఒక చోట సున్నాకి విలువే లేదు, ఇంకో చోట సంఖ్య అర్థమే దాని మీద ఆధారపడి ఉంది.

పట్టికలో ఇంకో విలువ చూడండి: 0015. ఆక్టల్‌లో అది ఒక ఎనిమిది, ఒక ఐదు, అంటే 13. జనరల్ షిఫ్ట్‌కి పదిహేను నిమిషాల గ్రేస్ అని నోటీసు బోర్డులో ఉంది, సాఫ్ట్‌వేర్ ఇస్తున్నది పదమూడు. పద్నాలుగు, పదిహేను నిమిషాలు ఆలస్యమైనవాళ్ళకి లేట్ మార్క్ పడుతోంది. దీని మీద అప్పుడప్పుడూ గొణుగుడు ఉండేదట గానీ, “గేటు మెషీన్ గడియారం రెండు నిమిషాలు ముందుంది” అని టైమ్ ఆఫీసే సర్దిచెప్పేసింది. నేను వెళ్ళి చూస్తే మెషీన్ గడియారం సరిగ్గానే ఉంది. తప్పు చిన్నదైతే జనమే దానికో కారణం కల్పించుకుంటారు, అది ఫిర్యాదుగా మన దాకా రాదు.

0005 మాత్రం ఆక్టల్‌లోనూ ఐదే. ఏడు దాకా రెండు లెక్కలూ ఒకటే కాబట్టి దానికేం కాలేదు.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఆ నియమానికి యూనిట్ టెస్టులు (కోడ్‌ని సరిచూసే చిన్న ప్రోగ్రాములు) లేక కాదు, ఉన్నాయి. అన్నీ పాస్. 0430 ఇస్తే అలవెన్స్ రావాలి, వచ్చింది. 0545 ఇస్తే రావాలి, వచ్చింది. 0615 ఇస్తే రాకూడదు, రాలేదు. మా దొంగ పంచ్‌లకి 0430 దగ్గర అలవెన్స్ పడకపోతే, టెస్టులో అదే 0430కి ఎలా పడుతోంది?

టెస్టులు రాసింది కూడా జావా సోర్స్‌లోనే కదా. అందులో రాసిన 0430ని కంపైలర్ 280గా చదివింది. 0545ని 357గా, 0615ని 397గా. వీటిని పోల్చేది 384తో. 280, 357 చిన్నవి, 397 పెద్దది. లెక్క సరిపోయింది. రెండు వైపులా ఒకే తప్పు లెక్కలో ఉంటే పెద్దాచిన్నా వరుస చెడదు. తూకం రాళ్ళూ తప్పే, సరిచూడటానికి తెచ్చిన రాళ్ళూ అదే తప్పు కొలిమిలోవి.

నిజమైన పంచ్‌లు మాత్రం సోర్స్‌లోంచి రావు, ఫైల్లోంచి వస్తాయి. ఫైల్లోని “0430” అనే అక్షరాల్ని సంఖ్యగా మార్చింది జావాలోని పార్స్‌ఇంట్. పార్స్‌ఇంట్ ముందు సున్నాని పట్టించుకోదు, పదుల లెక్కలోనే చదువుతుంది. అక్కడ అది 430. అంటే అవే నాలుగు అక్షరాల్ని ఒకే భాషలో ఇద్దరు చదువుతున్నారు. కంపైలర్‌కి 280, పార్స్‌ఇంట్‌కి 430. పైగా అదే ఇంటీజర్ క్లాసులో డీకోడ్ అని ఇంకో ఫంక్షన్ ఉంది. అది మళ్ళీ కంపైలర్ పక్షం, ముందు సున్నా చూస్తే ఆక్టల్ అంటుంది. పార్స్‌ఇంట్ బదులు ఎవరైనా డీకోడ్ వాడి ఉంటే ఈ కేసు ఇంకో రకంగా, బహుశా ఇంకా అధ్వానంగా ఉండేది. 0430 లాంటివి సరిగ్గా నడిచి, 0359, 0800 లాగా ఎనిమిదో తొమ్మిదో ఉన్న పంచ్ రాగానే ప్రోగ్రామ్ కూలిపోయేది.

నేను సంఖ్యల కాన్‌స్టంట్ల గురించి జూనియర్లకి చెప్పేటప్పుడు ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. సోర్స్‌లో మనం టైప్ చేసేది సంఖ్య కాదు, సంఖ్యకి రాత. ఆ రాతని ఎవరు చదువుతారు, ఏ నియమంతో చదువుతారు అన్నది అడగాలి.

ఈ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది

ముందు సున్నా పెడితే ఆక్టల్ అన్న ఆచారం జావా పుట్టించింది కాదు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ సృష్టికర్తలు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో రూపుదిద్దుకున్న బి భాషలో అది ఉంది, అక్కణ్ణుంచి సి భాషకి వచ్చింది. వాళ్ళు మొదట వాడిన పీడీపీ-7 కంప్యూటర్‌లో ఒక వర్డ్ (మెషీన్ ఒకేసారి పట్టుకునే ముక్క) అంటే 18 బిట్లు. మూడేసి బిట్లకి ఒక ఆక్టల్ అంకె చొప్పున సరిగ్గా ఆరు అంకెలు. ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్ళకి పదుల లెక్క కన్నా ఆక్టలే చేతికి అలవాటు. దానికి ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోవాలనుకోవడంలో తప్పేం లేదు. యూనిక్స్ ఫైలు పర్మిషన్లు మూడేసి బిట్ల గుంపులు కాబట్టి ఇప్పటికీ వాటికి ఆక్టల్ అతికినట్టు సరిపోతుంది. నేను 384ని గుర్తుపట్టిందీ దానివల్లే కదా.

ఒకప్పుడైతే ఈ ఆచారం ఇంకా వింతగా ఉండేది. 1978లో వచ్చిన మొదటి సి పుస్తకం ప్రకారం ఆక్టల్ సంఖ్యలో 8, 9 కూడా రాయొచ్చు. వాటికి ఆక్టల్ 10, 11 విలువలు ఉంటాయి. అంటే 09 అని రాస్తే తొమ్మిదే వచ్చేది. 1989 నాటి ప్రామాణిక సి ఆ వెసులుబాటు తీసేసింది. మా కేసు ఆ పాత సిలో జరిగుంటే 0900 దగ్గర ఎర్రర్ కూడా వచ్చేది కాదు, అది తొమ్మిది అరవైనాలుగులై 576గా మౌనంగా లోపలికి వెళ్ళిపోయేది.

1995లో బయటికొచ్చిన జావా, సి వాళ్ళని ఆకట్టుకోవాలని ఆ రాతనే తీసుకుంది, దాంతో పాటు ఈ సున్నానీ తెచ్చుకుంది. తర్వాతివాళ్ళు కొందరు తేరుకున్నారు. 2008లో వచ్చిన పైథాన్ 3, ముందు సున్నా ఉన్న 0600ని అసలు ఒప్పుకోదు. ఆక్టల్ కావాలంటే సున్నా తర్వాత ‘ఓ’ అక్షరం పెట్టి మరీ చెప్పాలి. జావాస్క్రిప్ట్ కూడా స్ట్రిక్ట్ మోడ్ అనే కఠిన పద్ధతిలో దీన్ని నిషేధించింది. రస్ట్ భాష మాత్రం 0600ని నిక్షేపంగా ఆరు వందలనే చదువుతుంది. జావా పాత కోడ్‌ని విరగ్గొట్టనని మాటిచ్చింది కాబట్టి ఇంకా అక్కడే ఉంది.

సరిచేసిన తీరు

ఇలాంటివి ఇంకెక్కడున్నాయో చూడాలి కదా. సున్నాతో మొదలై వెంటనే ఇంకో అంకె ఉన్న ప్రతి సంఖ్యనీ ప్రాజెక్ట్ అంతా వెతికాను. పద్దెనిమిది చోట్ల దొరికాయి. ఎక్కువ భాగం టెస్టుల్లోనే. మిగతావి నెలల నంబర్లు: 01, 02, 03 అలా 07 దాకా సున్నాలతో, ఆ తర్వాత 8, 9 సున్నాల్లేకుండా. అవి అదృష్టవశాత్తూ ఏడు దాటలేదు కాబట్టి విలువలు చెడలేదు. కానీ ఎనిమిదో నెల దగ్గర సున్నా మాయమవడం చూస్తే ఇంకెవరో కూడా అదే ఎర్రర్‌ని అలాగే సర్దుకున్నారని అర్థమైంది. ఎవరికీ అనుమానం రాలేదు.

టీమ్‌లో ఒకబ్బాయి 06_00 అని రాద్దామన్నాడు. 2011లో జావా 7 నుంచి సంఖ్యల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు. నాకూ ఆ సదుపాయం ఇష్టమే. మూడేసి అంకెలకే పెట్టాలన్న నిబంధన లేదు కాబట్టి లక్షని 1_00_000 అని, కోటిని 1_00_00_000 అని మన పద్ధతిలోనే రాసుకోవచ్చు. జీతాల కోడ్‌లో కళ్ళకి ఎంత హాయో చెప్పలేను. కానీ ఇక్కడ అది పనికిరాదు. 06_00 అన్నా, 0_600 అన్నా మొదటి అక్షరం సున్నానే, రెండూ 384లే. అండర్‌స్కోర్ మనిషి కోసం పెట్టుకున్న జాగా మాత్రమే, సున్నా కంపైలర్ కోసం.

సున్నా పీకేసి 600 అని రాస్తే బగ్ పోతుంది. హాట్‌ఫిక్స్‌గా ఆ రోజు చేసింది అదే. కానీ అసలు టైమ్‌ని సంఖ్యగా పెట్టుకోవడమే నాకు నచ్చలేదు. 855కి పదిహేను కలిపితే 870 వస్తుంది, అలాంటి టైమ్ గడియారంలో లేదు. జావా 8లోనే లోకల్‌టైమ్ అనే రకం ఉంది, గంట, నిమిషం విడివిడిగా ఇవ్వాలి. తర్వాతి రిలీజ్‌లో కాన్‌స్టంట్లన్నీ దానికి మార్చాం. టెస్టుల్లో టైమ్‌లని మెషీన్ ఫైల్లో వచ్చినట్టే టెక్స్ట్‌గా రాసి, అసలు పంచ్‌లు నడిచే దారిలోంచే పంపించాం. ఇక టెస్టుకీ నిజానికీ చదివేవాడు ఒకడే. దీంతో పాటు పీఎండీ అనే కోడ్ తనిఖీ టూల్‌లో ఆక్టల్ విలువలు వాడొద్దనే రూల్ ఒకటి ఉంటుంది, దాన్ని బిల్డ్‌లో ఆన్ చేశాం.

బకాయిల లెక్క అనుకున్నంత కష్టం కాలేదు. మెషీన్ ఇచ్చిన టెక్స్ట్ ఫైళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టి ఏడు నెలల పంచ్‌లని మళ్ళీ నడిపించాం. బాయిలర్ సెక్షన్ వాళ్ళకి మరుసటి నెల జీతంలో ఎరియర్స్ అని వేరే లైన్ పడింది. మొదట నాతో మాట్లాడిన బాయిలర్ అటెండెంట్ పే స్లిప్ తెచ్చి చూపించి, “ఇంతకీ ఏమైంది సార్?” అనడిగాడు. సున్నా ఒకటి ఎక్కువైందని చెప్పాను. “సున్నా ముందు పెడితే ఏమైతది?” అన్నాడు.

లేట్ మార్కుల దగ్గర మాత్రం ఇంకో చిక్కు వచ్చింది. పద్నాలుగో నిమిషం మార్కులన్నీ రద్దు చేయడానికి పర్సనెల్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంది. పదిహేనో నిమిషం గ్రేస్ లోపలా, బయటా? కోడ్‌లో “గ్రేస్ కన్నా ఎక్కువైతే లేట్” అని ఉంది కాబట్టి 9:15 లోపలే. కానీ నోటీసు బోర్డులో “9:15 లోగా” అని ఉంది. ‘లోగా’ అంటే 9:15 కలిసినట్టా, కాదా అని టైమ్ ఆఫీసులో అరగంట వాదన జరిగింది. మెషీన్ సెకన్లు ఇవ్వదు, కాబట్టి 9:15 అంటే 9:15:59 కూడా అదే. చివరికి నోటీసు కాగితం తీసేసి “9:15 వరకు, 9:16 నుంచి లేట్” అని కొత్తది అంటించారు. కోడ్‌లో ఆ వరుసని ముట్టుకోలేదు.